మేడం వంచిన కడ్డీ

మా వంటింటి అటక మీద కొన్ని సత్తు గిన్నెలున్నాయి. మా ఆవిడ వాటిని సిల్వర్ గిన్నెలంటుంది. "సిల్వర్ అంటే వెండి కదే" అని నేనెప్పుడైనా అంటే, "ఊరంతా అట్టనే అంటారు, మీకొచ్చిన నష్టమేంది?" అని నోరు మూయిస్తుంది. నష్టమేమీ లేదు. కాకపోతే ఉద్యోగమంతా ఆ సత్తుతోనే, అంటే అల్యూమినియంతోనే గడిపినవాణ్ణి కాబట్టి, దాన్ని దాని పేరుతో పిలవకపోతే నాకు కొంచెం రోషం వస్తుంది.

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, మీ సర్వీసులో గొప్పగా చెప్పుకోదగ్గ పని ఏదని అడుగుతారు. గొప్పది ఏదీ లేదు నాయనా. పాడైపోయిన కడ్డీలు రెండున్నాయి. అవి ఎలా పాడయ్యాయో చెబుతాను, వినే ఓపిక ఉంటే కూర్చోండి.

నెల్లూరు నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక కాలేజీలో లోహాల ల్యాబు ఉండేది. ఫర్నేసులు చూసుకోవడం నా పని. ఆ ఉప్పు గాలికి తలుపుల బందులు, బోల్టులు, కుర్చీ కాళ్ళు అన్నీ తుప్పు పట్టి చేతికి పొడి రాలేవి. కిటికీల అల్యూమినియం చట్రాలు మాత్రం చెక్కుచెదరకుండా ఉండేవి. తుప్పు పట్టదని కాదు. గాలి తగలగానే దానిమీద కంటికి కనపడనంత పల్చటి పొర ఏర్పడుతుంది. ఆ పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. గీరితే ఆ గీత మీద మళ్ళీ వెంటనే పొర కడుతుంది. ఇలాంటి లోహం కాబట్టే విమానాల దగ్గర్నుంచి కరెంటు తీగల దాకా, ఇడ్లీ ప్లేట్ల దగ్గర్నుంచి మందుబిళ్ళల అట్టల దాకా అన్నిటికీ పనికొస్తోంది.

ఈ మాటలు నావి కావు, మేడంవి. ఆమె మా ల్యాబులో ప్రొఫెసరు. రోజూ కావలి నుంచి రైల్లో వచ్చేది. చర్చి, ఇల్లు, ల్యాబు తప్ప నాలుగో చోటు తెలియని మనిషి. మాట మాత్రం పదునుగా ఉండేది. నన్ను ఎన్నిసార్లు కడిగేసిందో చెప్పను, మీ దగ్గర నాకు కాస్త పరువు మిగలాలి.

మా అటెండరు సముద్రం ఒడ్డున పాలెంలో పుట్టినవాడు. వాళ్ళ ఇంట్లో అందరూ చేపలు పట్టేవాళ్ళే. తెప్ప ఎక్కితే కడుపులో తిప్పేదట, అందుకని ఉద్యోగానికి వచ్చాడు. చేతులు మాత్రం వలలు లాగిన వంశానివే, ఇంత లావు వేళ్ళు. మధ్యాహ్నం సత్తు క్యారియర్‌లో చేపల పులుసు తెచ్చుకునేవాడు. అది చూస్తే మేడంకి ఒళ్ళు మండేది.

"చింతపండు పులుసు దాంట్లో పొయ్యబాక అబ్బయ్యా. పులుపుకి ఆ పొర కరిగిపోతాది. నువ్వు తినేది చేపలా, క్యారియరా?" అనేది.

"రెండూ బలంగానే ఉండాయి మేడం" అనేవాడు. ఆమె నవ్వు ఆపుకోలేక అటు తిరిగేది. అతనంటే ఆమెకు ప్రత్యేకమైన అభిమానం. అతనికైతే మేడం మాటే మాట.

ఇక అసలు సంగతి. లోహం ముక్క మన కంటికి ఒకటే వస్తువులా కనిపిస్తుంది. లోపల మాత్రం లెక్కలేనన్ని సన్నటి పలుకులు ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి, పంచదార అచ్చులో లాగా. ఒక్కో పలుకూ ఒక్కో వైపు తిరిగి ఉంటుంది. ఆ పలుకుల మధ్య ఉండే సరిహద్దులే లోహాన్ని తేలిగ్గా వంగనివ్వవు. ఆ సరిహద్దులేవీ లేకుండా కడ్డీ మొత్తాన్ని ఒకే ఒక్క పలుకుగా పెంచగలిగితే దాన్ని ఏకస్ఫటికం అంటారు. మేడం జీవితమంతా దాని కోసమే పాకులాడింది. బాగా శుద్ధి చేసిన అల్యూమినియం, బొటనవేలంత లావు, మూరకు తక్కువ పొడవు, మొత్తం ఒకే స్ఫటికం కావాలి. దాన్ని వేరే ఊళ్ళో ఉన్న పెద్ద ల్యాబుకి పంపితే వాళ్ళు కొద్దికొద్దిగా బరువు పెంచుతూ, లోహం వంగడం ఎక్కడ మొదలవుతుందో కొలుస్తారు. ఆ కొలత తన పేరు మీద రావాలని ఆమె ఆశ.

చెప్పడం తేలిక. కడ్డీని ముందు కంటికి తెలియనంత కొంచెమే సాగదీయాలి. ఎక్కువైతే చెడుతుంది, తక్కువైతే అసలు పనే జరగదు. తరవాత ఫర్నేసులో పెట్టి రోజుల తరబడి మెల్లగా వేడి పెంచాలి. అంతా సరిగ్గా కుదిరితే ఒక పలుకు తన చుట్టూ ఉన్నవాటిని మింగుతూ కడ్డీ అంతా పెరుగుతుంది. మధ్యలో కరెంటు పోయినా, జనరేటరు అందుకోవడం కాస్త ఆలస్యమైనా మళ్ళీ మొదటికే. బయటికి తీసి కాస్టిక్ సోడా నీళ్ళలో ముంచి కడిగితే ఫలితం తెలిసిపోతుంది. కడ్డీ మీద అతుకుల బొంతలా మచ్చలు కనిపిస్తే మన కష్టమంతా బూడిదలో పోసినట్టే. మాకు ఏళ్ళ తరబడి ఆ బొంతలే వచ్చాయి.

ఒకసారి మచ్చలు రాలేదు. మేడం కడ్డీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మెల్లగా తిప్పింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా మొత్తం ఒక్కసారే మెరిసింది. ఇంకాస్త తిప్పితే మొత్తం ఒక్కసారే మసకబారింది. మేడం కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ అటెండరు మాత్రం, "మా తల్లే!" అన్నాడు.

ఆ కడ్డీకి మెరుగు పెట్టి, దూది పరిచిన చెక్క పెట్టెలో పడుకోబెట్టాం. ఏకస్ఫటికం ఎంత మెత్తనిదంటే రెండు చివర్లూ పట్టుకుని ఎత్తితే తన బరువుకే వంగే ప్రమాదం ఉంటుంది. వంగితే ఇక దానితో ఏ కొలతా సాగదు. "ఎవరూ ముట్టుకోబాకండి" అని మేడం అందరికీ గట్టిగా చెప్పింది. పెద్ద ల్యాబు వాళ్ళు పంపమనేసరికి దసరా వచ్చింది.

మా ల్యాబులో ఆయుధపూజ అంటే అటెండరు పండగే. ముందురోజే యంత్రాలన్నీ కడిగి, పూజనాడు గంధం పూసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి, గూడూరు నుంచి తెప్పించిన నిమ్మకాయలు కోసి, బూడిద గుమ్మడికాయ పగలగొట్టేవాడు. మేడం పూజలో నిలబడేది కాదు గాని, ఆమె వాటా బొరుగులూ పుట్నాలూ బెల్లమూ వేరే పొట్లం కట్టి ఉంచేవాడు. ఆమె ఇష్టంగా తినేది.

ఆ ఏడు నేనూ మేడం లోపలికి వెళ్ళేసరికి అతను ఫర్నేసు గదిలో నిలబడి ఉన్నాడు. పంచె తడిసి ఉంది. చేతుల్లో ఆ కడ్డీ. దాని మీద గంధం, మధ్యలో కుంకుమ బొట్టు. బొట్టు పెట్టిన చోట కడ్డీ వంగి ఉంది. వంగిందని భయపడి సరిచేయబోతే వంపు పక్కన ఇంకో వంపు పడినట్టుంది. మెలికలు తిరిగి ఉంది.

"ముట్టుకోవద్దన్నాను గదా!" అంది మేడం.

"తలకి పోసుకున్నాను మేడం. పొద్దున్నించి పచ్చి మంచినీళ్ళు గూడా తాగలేదు. మడిగానే ముట్టుకున్నాను. అన్నిటికీ బొట్టు పెట్టి అసలు దానికి పెట్టకపోతే ఎట్టా అని..."

అప్పుడు అర్థమైంది మాకు. ముట్టుకోవద్దంటే మైల తగలకూడదని అనుకున్నాడు. దేవుడి గదిలో వస్తువుని ముట్టుకోవద్దంటే వాళ్ళింట్లో అర్థం అదే. ఆమె మాటను అతను మీరలేదు. తనకు తెలిసిన పద్ధతిలో, తెల్లవారకముందే లేచి స్నానం చేసి, ఉపవాసం ఉండి మరీ పాటించాడు. ఎవరిని తిట్టాలి చెప్పండి?

మేడం తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇంక నువ్వు ఈ గదిలోకి రాబాక" అంది, అంతే. పొట్లం బల్ల మీదే ఉండిపోయింది.

అప్పటి నుంచి అతను ఫర్నేసు గది గడప దాటలేదు. టీ తెస్తే గ్లాసులు గుమ్మం బయట స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయేవాడు. చేపల పులుసు తేవడం మానేశాడు. మేడం ఒకటి రెండుసార్లు పిలవబోయి ఆగినట్టు నాకనిపించింది. ఆమెకు పట్టుదల ఎక్కువ, అతనికి భయం ఎక్కువ. మధ్యలో నేను ఆ గ్లాసులు లోపలికీ బయటికీ మోసుకుంటూ తిరిగాను.

మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ బొంతలు. ఈలోగా మేడంకి కడుపునొప్పి మొదలైంది. గ్యాసు అంది. అల్సరంది. చెన్నైలో చూపిస్తే కేన్సరన్నారు, ముదిరిపోయిందన్నారు. కొన్నాళ్ళు మందులు వాడుతూనే ల్యాబుకి వచ్చింది. తరవాత రైలెక్కే ఓపిక కూడా పోయింది. కావలిలో మంచం మీద నుంచే ఫోన్ చేసి, "ఎంత వేడి మీద ఉంది? కరెంటు పోయిందా?" అని అడిగేది. ఒకనాడు మాత్రం ఫర్నేసు సంగతి అడగలేదు.

"అబ్బయ్య ఎట్టున్నాడు?" అంది.

"ఉన్నాడు మేడం. గుమ్మం దగ్గరే ఉన్నాడు."

అంతటితో ఫోన్ పెట్టేసింది.

అతను ఆ మాట విన్నాడో లేదో నాకు తెలియదు. ఒకరోజు సైకిలు స్టాండు దగ్గర నన్ను ఆపి అన్నాడు. "నా వల్లనే గదన్నా? ఆ కడ్డీ నేను వంచకుండా ఉంటే మేడం అప్పుడే పంపించి ఉండేది, పేరు వచ్చి ఉండేది. చూసుకుని ఉండేది." కేన్సరుకీ దానికీ సంబంధం లేదురా అన్నాను. "నాకు తెలుసన్నా. అయినా ఆమె టైము నేను తిన్నాను గదా" అన్నాడు.

రెండో కడ్డీ ఫర్నేసులోంచి మచ్చ లేకుండా వచ్చిన రోజు నేనొక్కణ్ణే ఉన్నాను. కిటికీ దగ్గర తిప్పి చూశాను. మొత్తం ఒక్కసారే మెరిసింది. సంతోషం రాలేదు. ఇది ఆమె చూడాలి, ఆమె ఉండగానే చూడాలి అన్నదొక్కటే ఆలోచన. మా హెడ్ గారు, నేరుగా పెద్ద ల్యాబుకి పంపించండి, ఫోటో తీసి మేడంకి ఫోన్లో పెట్టండి అన్నారు. ఆయన ముందు సరేనన్నాను గాని పంపలేదు. మెరుగు పెట్టి, మర్నాడు పొద్దున్నే పెట్టె పట్టుకుని స్టేషనుకి వెళ్ళాను. అటెండర్ని కూడా రమ్మన్నాను.

"నేనెందుకన్నా? ఆమె రాబాకంది" అన్నాడు.

"ఆ గదిలోకి రావద్దంది. కావలికి రావద్దనలేదు కదా" అన్నాను.

రైల్లో పెట్టె నా ఒళ్ళో. పక్కన ఎవరైనా జరిగితే అతను చెయ్యి అడ్డం పెట్టేవాడు, పెట్టెను మాత్రం వేలితో కూడా తాకలేదు. రైలు కుదిపినప్పుడల్లా ఇద్దరం ఊపిరి బిగబట్టాం. లోపలున్నది చంటిపిల్లో ఏమోనని ఎదుటి సీటు పెద్దావిడ పాపం కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

మేడం బాగా చిక్కిపోయింది. మంచం పక్క బల్ల మీద మందుబిళ్ళల అట్టలు, వాటి వెనక మా అల్యూమినియం రేకే మెరుస్తూ ఉంది. ఆమె భర్త కిటికీ తెర పక్కకు లాగి, తలగడ ఎత్తిపెట్టి కూర్చోబెట్టాడు. అటెండరు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అలవాటైపోయింది కదా.

"లోపలికి రా అబ్బయ్యా" అంది. అతను వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

పెట్టె తెరిచాను. ఆమె దాన్ని కింద చెయ్యి పరిచి ఎత్తింది, మాకెప్పుడూ చెప్పే పద్ధతిలోనే. వెలుతురుకి తిప్పింది. మెరిసింది. మళ్ళీ తిప్పింది. చాలాసేపు అలాగే తిప్పుతూ ఉంది. తరవాత రెండు చివర్లూ పట్టుకుంది.

"మేడం, వద్దు" అన్నాను. ఏం చేయబోతోందో నాకు అర్థమైంది.

"ఎందుకొద్దు? కొలిచేది వాళ్ళు. ఆ కొలత వచ్చేసరికి చదివేదెవరు? నేనుండను గదా. ఇన్నేళ్ళు దీన్ని కాపాడినానే గానీ, ఇది ఎంత మెత్తగా ఉంటాదో నా చేతికి తెలియదయ్యా. తెలుసుకోనీ."

వంచింది. గ్లాసు ఎత్తడానికి కూడా వణికే ఆ చేతుల్లో, బొటనవేలంత లోహం వేడి తగిలిన కొవ్వొత్తిలా వంగింది. మొదట తేలిగ్గా వంగింది, ఆ తరవాత బిగుసుకోవడం మొదలైంది. ఆమె ఒళ్ళో ఆనించుకుని, ఉన్న బలమంతా పెట్టి, ఇక సాగదన్నప్పుడు ఆపింది. ఆయాసపడుతూ వంపు దగ్గర కళ్ళు పెట్టి చూసింది.

"ఇదిగో, గీతలు" అంది. మెరుగు పెట్టిన నున్నటి ఒంటి మీద సన్నటి గీతలు వరసగా పడి ఉన్నాయి. లోపలి పరమాణువుల పొరలు ఒకదానిమీద ఒకటి జారినప్పుడు పైకి కనిపించే గుర్తులవి. "ఎన్నేళ్ళు బోర్డు మీద గీసినాను వీటిని. ఇప్పుడు చూసినాను."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు ఆమె మీద కోపం వచ్చింది. అన్ని రోజులు ఫర్నేసు ముందు కూర్చున్నది నేను. కాని ఆమె నా వైపు చూడటం లేదు, గోడ దగ్గర ఉన్న మనిషి వైపు చూస్తోంది.

"ఇట్రా అబ్బయ్యా. దీన్ని సరిచెయ్యి."

అతను నా వైపు చూశాడు. నేను తలూపాను. కడ్డీ తీసుకుని, పంచె పైకి కట్టి, మోకాలి మీద పెట్టి నొక్కాడు. మెడ నరాలు ఉబ్బాయి. మేడం వంచిన వంపు కదలలేదు. పక్కన వంగని చోట ఇంకో చిన్న వంపు పడింది. దాన్ని తీయబోతే రెండో చివర పడింది. ఒకసారి వంగితే పొరలు లోపల చిక్కుపడి ఆ చోటు గట్టిపడుతుంది, వంగని చోటే ఇంకా మెత్తగా ఉంటుంది. కాసేపటికి కడ్డీ అంతా గట్టిపడి ఇక ఎటూ వంగడం మానేసింది. అతను చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

మేడం నవ్వింది. "చాల్లే, పాముని చేసినావు. చూసినావు గదా? ఒకసారి వంగినాక ఎవరి వల్లా కాదు. ఆ పొద్దు నీ వల్లా కాలేదు. నేను దేనికి కోప్పడినానో నాకే తెలియదు. నువ్వొకటి వంచినావు, నేనొకటి వంచినాను. సరిపోయింది అబ్బయ్యా."

ఆమె చెయ్యి చాపి అతని మణికట్టు పట్టుకుంది. "మళ్ళా వచ్చేటప్పుడు చేపల పులుసు పట్రా. మట్టి కుండలో తే. సత్తు క్యారియర్‌లో తెస్తే ఇంట్లోకి రానియ్యను" అంది.

ఆమె భర్త మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె అప్పటికే గంజి తప్ప ఏమీ తినడం లేదని మాకు బయటికి వచ్చాక చెప్పాడు.

తరవాత సంగతి ముందే చెప్పేస్తాను, దాచడం ఎందుకు. పులుసు తీసుకెళ్ళే అవకాశం రాలేదు. ఆ వారంలోనే మేడం పోయింది. హెడ్ గారు కడ్డీని చూసి ఎవరు వంచారని అడిగారు. మేడమే అన్నాను. ఆయన పెద్దగా అరుస్తారనుకున్నాను. కుర్చీలో కూర్చుని, "సరే, మీ దగ్గరే ఉంచుకోండి" అన్నారు. దాన్ని మళ్ళీ ఫర్నేసులో పెడితే మెత్తబడుతుంది గాని ఒకే స్ఫటికంగా ఉండదు, మళ్ళీ మామూలు పలుకుల లోహమే అవుతుంది. అందుకని పెట్టలేదు. ఆ పనిని ఎవరూ ముందుకు తీసుకెళ్ళలేదు. నేను రిటైరయ్యాక ఫర్నేసు గదిని స్టోరు చేశారని విన్నాను. ఆమె చేసింది మంచి పనా కాదా అని మీరు నన్ను అడిగితే, నాకు తెలియదు. ఒక కొలత పోయింది, అది నిజం. ఆ కొలత కోసం ఇప్పటికీ నా ప్రాణం కొట్టుకుంటుంది, అదీ నిజమే.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఆ రోజు తిరుగు ప్రయాణం. కావలి స్టేషన్లో పెట్టె తెరిచి కడ్డీని లోపల పెట్టబోతే పట్టలేదు. "ఇంక పెట్టె ఎందుకన్నా" అని అటెండరు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎదుటి సీట్లో ఒకామె నిమ్మకాయల ఖాళీ గంపలతో గూడూరు వెళ్తోంది. వచ్చేటప్పుడు ఎవరినీ దగ్గరికి రానివ్వని మనిషి, ఆమె ఏందది అని అడగ్గానే చేతికిచ్చేశాడు.

"కడ్డీ అమ్మా. మా మేడం వంచినాది."

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మోకాలి మీద పెట్టి నొక్కింది. గంపలు మోసిన చేతులు, తక్కువ బలమేమీ కాదు. కడ్డీ ఇసుమంతైనా కదలలేదు.

"అబ్బో, ఇనుము మాదిరి ఉండాదే! దీన్ని ఒక ఆడమనిషి వంచినాదా?" అంది. "ఆమె చెయ్యి ఎంత గట్టిదో!"

అతను కడ్డీని వెనక్కి తీసుకుని, వంపు మీద వేలు పెట్టుకున్నాడు.

"అవునమ్మా" అన్నాడు. "శానా గట్టిది."